తాళంచెవి ఎవరికి అప్పగించాలి?

(స్కాలర్‌షిప్పుల పంపిణీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను వక్తను కాను. బి.కాం. చదివి 1981లో బ్యాంకులో గుమాస్తాగా చేరాను. 37 ఏళ్ళు గుమాస్తాగానే చేసి 2018లో రిటైరయ్యాను. ప్రమోషన్ తీసుకుంటే బదిలీ తప్పదు, బదిలీ అయితే బరంపురం వదలాలి, ఇంట్లో ముసలివాళ్ళను వదలాలి. అందుకని తీసుకోలేదు. రిటైరైన సంవత్సరమే మన ట్రస్టు పెద్దలు నన్ను స్కాలర్‌షిప్ కమిటీలో వేశారు. ఆ పని ఇన్నేళ్ళూ చేశాను. ఈ ఏడాదితో తప్పుకుంటున్నాను. వెళ్ళే ముందు పిల్లలకు పనికొచ్చే నాలుగు మాటలు చెప్పమని అధ్యక్షులు ఆజ్ఞాపించారు.

మీలో చాలామంది ఒడియా మీడియంలోనో, ఇంగ్లీషు మీడియంలోనో చదువుతున్నారు. తెలుగు అక్షరాలు ఇంట్లో అమ్మ దగ్గరో, నాయనమ్మ దగ్గరో నేర్చుకున్నవారే ఎక్కువ. కనుక గ్రాంథికం లేకుండా, నిదానంగా చెబుతాను.

ఉద్యోగంలో ఎలా చేరాలో చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఇంటర్వ్యూకు ఏ చొక్కా వేసుకోవాలో కూడా చెబుతున్నారు. ఉద్యోగం నుంచి ఎలా బయటికి రావాలో చెప్పేవాళ్ళు తక్కువ. నేనిప్పుడు బయటికి వెళుతున్న మనిషిని గనుక ఆ విషయమే ఎంచుకున్నాను. అందుకోసం ఒక పెద్ద కంపెనీ చరిత్ర, ఒక చిన్న సినిమా హాలు చరిత్ర, చివరగా నా సొంత తప్పు ఒకటి మీ ముందు పెడతాను.

పెద్ద కంపెనీ పేరు మీ అందరికీ తెలుసు. మిక్కీ మౌస్ బొమ్మ సంచీ భుజాన వేసుకుని బడికి వెళ్ళే పిల్లలు మన వీధుల్లోనూ ఉన్నారు. అదే వాల్ట్ డిస్నీ కంపెనీ. 1923లో వాల్ట్, రాయ్ అనే ఇద్దరు అన్నదమ్ములు అమెరికాలో మొదలుపెట్టారు. తమ్ముడు వాల్ట్‌ది బొమ్మల తెలివి, అన్న రాయ్‌ది డబ్బు లెక్క. వాల్ట్ 1966లో, రాయ్ 1971లో పోయారు. ఆ తర్వాత కంపెనీ నెమ్మదించింది. 1984 నాటికి దాన్ని కొనేసి, ముక్కలు చేసి అమ్ముకుందామని చూసేవాళ్ళు బయట తయారయ్యారు. ఆ సంవత్సరం సెప్టెంబరులో మైకేల్ ఐస్నర్ అనే ఆయనను ముఖ్య అధికారిగా తెచ్చారు. అప్పటికి ఆయన వయసు 42. అంతకుముందు పారమౌంట్ అనే సినిమా కంపెనీకి ప్రెసిడెంటు. కాలేజీలో చదివింది ఇంగ్లీషు సాహిత్యం, నాటకాలు. కామర్స్ చదవలేదు. ఆర్ట్స్ చదువుతున్న పిల్లలు ఈ సంగతి గుర్తుంచుకోండి.

ఆయన 21 ఏళ్ళు ఆ కుర్చీలో ఉన్నారు. 2005 సెప్టెంబరు 30న దిగిపోయారు. దిగేటప్పుడు ఉద్యోగులకు వీడ్కోలు ఉత్తరం రాశారు. ఆ కంపెనీలో ఒక ఆచారం ఉంది. ఉద్యోగుల్ని ఉద్యోగులు అనరు, నాటకంలో పాత్రధారుల్ని పిలిచినట్టు పిలుస్తారు. పార్కు ఊడ్చే మనిషి చొక్కాకైనా, పై అధికారి చొక్కాకైనా పేరు బిళ్ళ మీద ఇంటిపేరు, హోదా ఉండవు, సొంతపేరు ఉంటుంది. అలాంటి లక్షమందికి పైగా మనుషులకు ఒకాయన సెలవు చెప్పి వెళ్ళారు.

సెలవు ఉత్తరాల్లో సాధారణంగా జమ వైపే రాస్తారు. బ్యాంకు గుమాస్తాకు ఒక్క వైపు చూస్తే తృప్తి ఉండదు, రెండో వైపు కూడా చూడాలి. ఆయన 21 ఏళ్ళ ఖాతా రెండు వైపులా చూద్దాం.

ముందు జమ. ఆయన చేరిన 1984లో కంపెనీ ఏడాది రాబడి సుమారు 165 కోట్ల డాలర్లు. దిగిపోయిన 2005లో అది 3,000 కోట్ల డాలర్లు దాటింది. పడకేసిన బొమ్మల సినిమాల విభాగం లేచి కూర్చుంది. 1989లో ‘ది లిటిల్ మెర్మెయిడ్’, 1991లో ‘బ్యూటీ అండ్ ది బీస్ట్’, 1992లో ‘అలాద్దీన్’, 1994లో ‘ది లయన్ కింగ్’ వచ్చాయి. వీటిలో రెండోది, ఉత్తమ చిత్రం ఆస్కారుకు పోటీలో నిలిచిన మొదటి బొమ్మల సినిమా. 1995లో ఏబీసీ టెలివిజన్ సంస్థను సుమారు 1,900 కోట్ల డాలర్లకు కొనడానికి ఒప్పందం చేసుకున్నారు. ఇదంతా జమ.

ఈ జమ ఒక్కరిది కాదు. ఐస్నర్‌తో పాటే 1984లో ఫ్రాంక్ వెల్స్ అనే ఆయన ప్రెసిడెంటుగా వచ్చారు. ఒకరు ఊహలు చేసేవారు, రెండోవారు ఆ ఊహలను లెక్కలో పెట్టేవారు. బ్యాంకులో క్యాష్ సేఫుకు రెండు తాళాలుంటాయి. ఒక చెవి క్యాషియరు దగ్గర, రెండోది అధికారి దగ్గర. ఇద్దరూ వస్తేనే సేఫు తెరుచుకుంటుంది. దీన్నే జాయింట్ కస్టడీ అంటాం. ఆ కంపెనీకి పదేళ్ళపాటు అలాంటి రెండు చెవులుండేవి. 1994 ఏప్రిల్ 3న హెలికాప్టర్ ప్రమాదంలో వెల్స్ చనిపోయారు. అదే ఏడాది జూలైలో ఐస్నర్‌కు గుండె ఆపరేషన్ జరిగింది. బొమ్మల సినిమాలు చూసుకునే జెఫ్రీ కాట్జెన్‌బర్గ్‌కు వెల్స్ స్థానం దక్కలేదు. ఆయన వెళ్ళిపోయి, మరో ఇద్దరితో కలిసి డ్రీమ్‌వర్క్స్ అనే పోటీ కంపెనీ పెట్టారు.

ఇక్కడి నుంచి ఖర్చు వైపు మొదలవుతుంది. 1992లో ప్యారిస్ దగ్గర తెరిచిన పార్కు అప్పటికే నష్టాల్లో ఉంది. వెల్స్ స్థానంలోకి 1995లో మైకేల్ ఓవిట్జ్ అనే స్నేహితుణ్ణి తెచ్చారు. పొత్తు కుదరలేదు. ఏడాదిన్నర తిరక్కుండానే ఆయన్ని పంపించేశారు. పంపించినందుకు కంపెనీ ఇచ్చుకున్నది, షేర్ల విలువతో కలిపి, సుమారు 14 కోట్ల డాలర్లు. వాటాదారులు కోర్టుకెక్కారు. 2005 ఆగస్టులో డెలావేర్ కోర్టు డైరెక్టర్లు చట్టాన్ని అతిక్రమించలేదని తీర్పు చెప్పింది గానీ, వాళ్ళు వ్యవహరించిన తీరును మెచ్చుకోలేదు. కామర్స్ పిల్లలు ఈ కేసు వెతికి చదవండి. చట్టప్రకారం తప్పు కాకపోవడం వేరు, పని సవ్యంగా చేయడం వేరు అని అర్థమవుతుంది.

2003 నవంబరు 30న కంపెనీ స్థాపకుడు రాయ్ కొడుకు, ఆయన పేరూ రాయే, డైరెక్టరు పదవికి రాజీనామా ఇచ్చి, ఐస్నర్ దిగిపోవాలని బహిరంగంగా అన్నారు. 1984లో ఐస్నర్‌ను తేవడానికి పాటుపడిన మనిషే ఆయన. 2004 జనవరిలో, కంప్యూటరు బొమ్మల సినిమాలు తీసే పిక్సార్‌తో ఒప్పందం పొడిగించే మాటలు విఫలమయ్యాయి. ఫిబ్రవరిలో కామ్‌కాస్ట్ అనే కేబుల్ కంపెనీ డిస్నీని మొత్తంగా కొంటానని అడిగింది. మార్చి 3న ఫిలడెల్ఫియాలో వాటాదారుల వార్షిక సమావేశం జరిగింది. వచ్చిన ఓట్లలో 43 శాతం ఐస్నర్‌కు మద్దతు ఇవ్వకుండా ఆగిపోయాయి.

43 అంటే సగం కంటే తక్కువే కదా, గెలిచినట్టే కదా అని మీరు అడగవచ్చు. లెక్కప్రకారం గెలిచినట్టే. కానీ కంపెనీ సమావేశాల్లో నూటికి తొంభై పైన ఓట్లు రావడం మామూలు. అక్కడ 43 మంది మొహం తిప్పుకున్నారంటే అది గట్టి దెబ్బ. ఆ రాత్రే బోర్డు ఆయన్ని చైర్మన్ పదవి నుంచి తప్పించి, ముఖ్య అధికారిగా మాత్రం ఉంచింది. చైర్మన్, ముఖ్య అధికారి ఒకే మనిషైతే ఆ మనిషిని ప్రశ్నించేవాడు ఉండడు. మన సెబీ కూడా పెద్ద కంపెనీల్లో ఈ రెండు పదవులు వేరుచేయాలని నియమం పెట్టబోయి, 2022 ఫిబ్రవరిలో దాన్ని కంపెనీల ఇష్టానికి వదిలేసింది.

తర్వాత ఐస్నర్ చేసిన పని నాకు నచ్చింది. 2004 సెప్టెంబరులో, ఒప్పందం గడువు తీరే 2006లో తప్పుకుంటానని రెండేళ్ళ ముందే ప్రకటించారు. 2005 మార్చిలో బాబ్ ఐగర్‌ను వారసుడిగా ఎంపిక చేశారు. దాంతో ఐస్నర్ మరో ఏడాది ఆగకుండా ఆ సెప్టెంబరులోనే దిగిపోయారు. డైరెక్టరు పదవి కూడా ఉంచుకోలేదు. పక్క గదిలో కూర్చుని కొత్తవాడి పనిలో వేలు పెట్టే అవకాశం తనకు తానే తీసేసుకున్నారు.

ఫలితం చూడండి. ఈ ఐగర్ 1974లో ఏబీసీలో వారానికి 150 డాలర్ల జీతానికి స్టూడియోలో చిన్న పనికి చేరిన మనిషి. కుర్చీ ఎక్కిన నాలుగు నెలలకే, 2006 జనవరిలో, తెగిపోయిన పిక్సార్ సంబంధాన్ని కలుపుకుని, ఆ కంపెనీని 740 కోట్ల డాలర్లకు కొనే ఒప్పందం చేసుకున్నారు. పాత మనిషి పడ్డ ముడిని కొత్త మనిషి విప్పగలిగారు. తర్వాత 2009లో మార్వెల్‌ను, 2012లో లూకాస్ ఫిల్మ్‌ను, 2019లో ఫాక్స్ సంస్థలో ఎక్కువ భాగాన్ని కొన్నారు. ఫాక్స్‌తో పాటు మన దేశంలోని స్టార్ కూడా వాళ్ళ చేతికి వచ్చింది. అంతకుముందు 2015లో స్టార్ వాళ్ళు మా టీవీని కొన్నారు. ఆ విధంగా మన ఆడవాళ్ళు సాయంత్రం పూట చూసే తెలుగు సీరియళ్ళు కూడా కొన్నేళ్ళు మిక్కీ మౌస్ కంపెనీ ఖాతాలో ఉన్నాయి. 2024 నవంబరులో ఆ వ్యాపారం రిలయన్స్‌తో కలిసిపోయింది.

ఇంత సమర్థుడైన ఐగర్‌కు దిగిపోవడం మాత్రం కష్టమైంది. రిటైర్మెంటు తేదీ ఒకటికి నాలుగుసార్లు వాయిదా పడింది. 2020 ఫిబ్రవరిలో బాబ్ చాపెక్‌కు కుర్చీ ఇచ్చి కూడా, తాను పై చైర్మన్‌గా 2021 డిసెంబరు దాకా అక్కడే ఉన్నారు. చాపెక్ నిలదొక్కుకోలేదు. 2022 నవంబరులో బోర్డు ఆయన్ని తీసేసి, మళ్ళీ ఐగర్‌నే పిలిపించింది. తప్పు ఎవరిదో తేల్చడం నా పని కాదు. కొత్త కోడలికి వంటిల్లు అప్పగించి, అత్తగారు గుమ్మంలోనే పీట వేసుకుని కూర్చుంటే ఏమవుతుందో ఇక్కడున్న తల్లులకు నేను చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు చిన్న సినిమా హాలు సంగతి.

మా నాన్నగారు బరంపురంలో ఒక సినిమా హాల్లో బుకింగ్ క్లర్కు. హాలు పేరు చెప్పను, ఆ యజమానులు ఎవరో కూడా చెప్పను. నేల, బెంచీ, కుర్చీ, బాల్కనీ టిక్కెట్లు నాలుగు రంగుల్లో ఉండేవి. ప్రతి ఆటకూ ఎన్ని టిక్కెట్లు తెగాయి, ట్యాక్సు ఎంత, నికరం ఎంత అని రాసే కాగితాన్ని డి.సి.ఆర్. అంటారు. నేను నేర్చిన మొదటి అకౌంట్సు ఆ కాగితమే. తెలుగు సినిమా వస్తే చుట్టుపక్కల ఊళ్ళ నుంచి మనవాళ్ళు బళ్ళు కట్టుకుని వచ్చేవారు. 28 ఏళ్ళలో ఒక్క పైసా తేడా రాలేదని ఆయన గొప్పగా చెప్పుకునేవారు.

1997లో ఒక రోజు మ్యాట్నీకి టిక్కెట్లు ఇవ్వడానికి వెళితే గేటుకు బయట తాళం వేసి ఉంది. వారం తర్వాత మనిషి చేత కొంత డబ్బు, సంతకం పెట్టమని ఒక కాగితం పంపించారు. యజమాని రాలేదు, కబురు లేదు, ఒక్క మాట లేదు. నష్టాలుంటే హాలు మూసుకోవచ్చు, అది వ్యాపారం. నాన్నగారి బాధ డబ్బు గురించి కాదు. బుకింగ్ గది తాళంచెవి ఆయన జేబులో ఉండిపోయింది. “ఇది ఎవరికి అప్పగించాలిరా?” అని చాలాసార్లు నన్ను అడిగారు. గోడ మేకుకు తగిలించి ఉంచారు. ఆయన పోయేదాకా అది అక్కడే ఉంది. ఇప్పుడు నా దగ్గర ఉంది.

అందుకే, డిస్నీ లాంటి పెద్ద కంపెనీలో వీడ్కోలు ఉత్తరం రాశారంటే, అది మర్యాద కోసం రాసే కాగితమని కొట్టిపారేయబుద్ధి కాదు నాకు. ఆ కంపెనీకి మా నాన్నగారి లాంటి బుకింగ్ క్లర్కులు వేలమంది ఉంటారు. వాళ్ళకు మాట చెప్పి వెళ్ళడం పై మనిషి బాధ్యత. ఆ ఒక్క మాట దక్కని మనిషి ఎలా ఉంటాడో నేను ఇంట్లో చూశాను.

ఇక నా తప్పు. ఇది చెప్పకుండా దిగిపోతే నా ఖాతాలో కూడా జమ వైపే కనబడుతుంది.

కమిటీలో చేరినప్పటి నుంచి దరఖాస్తుల రిజిస్టరు నేనే నా చేత్తో రాసేవాణ్ణి. కుర్ర సభ్యులు, అంతా కంప్యూటర్లో పెడదాం బాబాయ్, ఎవరి దరఖాస్తు ఎక్కడుందో అందరికీ తెలుస్తుంది అన్నారు. 37 ఏళ్ళు లెడ్జర్లు రాసిన చెయ్యి ఇది, తేడా రాదు అని కోప్పడ్డాను. మూడేళ్ళ క్రితం, డిగ్రీ రెండో సంవత్సరం చదివే ఒక అమ్మాయి దరఖాస్తు పాత సంవత్సరం ఫైల్లో కలిసిపోయింది. పెట్టింది నేనే. దొరికేసరికి డిసెంబరు. డబ్బు పంచేశాం. ఫీజు కోసం ఆ తల్లి మెడలో గొలుసు కుదువ పెట్టింది.

వాళ్ళింటికి వెళ్ళి తప్పు ఒప్పుకున్నాను. ఆవిడ మంచినీళ్ళు ఇచ్చి కూర్చోబెట్టి అన్న మాట ఇది: “పోనీలెండి బాబూ. రాదని ముందే ఒక్క కబురు చెప్పుంటే మా అన్నయ్యనన్నా అడుగుదును. ఇయ్యాల రేపు వస్తాదని చూస్తూ కూకున్నాం.”

బయటికి వచ్చాక నాకు నాన్నగారి తాళంచెవి గుర్తొచ్చింది. కబురు లేకుండా గేటు మూసిన ఆ యజమానిని ఇన్నేళ్ళు తిట్టుకున్నాను. నేను చేసిందీ అదే. గొలుసు విడిపించడానికి నా పెన్షన్ నుంచి నేను ఇచ్చుకున్నది ఇచ్చుకున్నాను. ఆ అమ్మాయి డిగ్రీ పూర్తి చేసింది. కానీ ఆ నాలుగు నెలల ఎదురుచూపు నేను తిరిగి ఇవ్వలేను. మరుసటి వారమే కుర్ర సభ్యులను పిలిచి రిజిస్టరు అప్పగించాను. ఇప్పుడు ప్రతి దరఖాస్తుకూ నంబరు ఉంది. వచ్చినా, రాకపోయినా ఆగస్టు నెలాఖరులోగా కబురు వెళుతుంది.

పిల్లలూ, మీరు రేపు ఉద్యోగాల్లో చేరతారు. మాలాగా ఒకే చోట 37 ఏళ్ళు ఉండరు, నాలుగైదు చోట్ల మారతారు. మారిన ప్రతిసారీ ఈ పనులు చేయండి.

వెళుతున్న సంగతి ముందుగా చెప్పండి. మీ మీద ఆధారపడ్డవాళ్ళు వేరే దారి చూసుకోవడానికి వ్యవధి ఉండాలి. ఛార్జి అప్పగించేటప్పుడు పూర్తయిన పనుల జాబితా చిన్నదిగా, మిగిలిపోయిన పనుల జాబితా పెద్దదిగా రాయండి. వచ్చేవాడికి అవసరమైంది రెండోదే. మీకు వచ్చిన పేరులో ఎవరెవరి చెమట ఉందో పేర్లు పెట్టి చెప్పండి. ఐస్నర్‌కు ఒక వెల్స్ ఉన్నట్టే ప్రతివారికీ ఎవరో ఒకరు ఉంటారు. మీ వల్ల జరిగిన నష్టం ఉంటే అది మీరే చెప్పండి. అప్పగించాక మళ్ళీ ఆ సొరుగు తెరవకండి. అడిగితే చెప్పండి, అడగనిదే వెళ్ళకండి.

నూటికి 43 మంది మీకు వద్దని చెప్పిన రోజు కూడా రావచ్చు. మిగిలిన 57 చూసుకుని మురిసిపోకండి. ఆ 43 ఎందుకు వచ్చిందో కాగితం తీసుకుని రాసుకోండి. నాకు ఆ లెక్క ఒక్క తల్లి మాటలోనే వచ్చింది.

తల్లిదండ్రులకు ఒక్క మనవి. ఏ గ్రూపు తీసుకోవాలి, ఏ ఊరు వెళ్ళాలి అనే తాళాలు పదో తరగతి దాకా మీ దగ్గర ఉండటం న్యాయమే. ఇంటరుకు వచ్చాక రెండో చెవి పిల్లల చేతిలో పెట్టండి, జాయింట్ కస్టడీ అనుకోండి. డిగ్రీ అయ్యాక రెండూ ఇచ్చేయండి. ఇంటి పరిస్థితి, అప్పు ఎంత, ఎంతవరకు చదివించగలం అన్నది దాచకుండా ముందే చెప్పండి. తెలిసిన పిల్లలు దారి వెతుక్కుంటారు. తెలియనివాళ్ళు మూసిన గేటు ముందు నిలబడతారు.

నా తర్వాత ఈ పని చూసేవారు ఇద్దరు. ఇద్దరూ ముప్పై ఏళ్ళ లోపువారే. అందులో ఒకరు మన ట్రస్టు స్కాలర్‌షిప్‌తోనే ఎం.కాం. చదివిన అమ్మాయి. దరఖాస్తుల బీరువా చెవులు రెండు ఇవిగో, ఒక్కొక్కరికి ఒకటి మీ అందరి ఎదుట ఇస్తున్నాను. వాటితో పాటు మిగిలిపోయిన పనుల జాబితా రెండు పేజీలు, నా తప్పుల జాబితా ఒక పేజీ. వచ్చే ఏడాది నేను ఈ సభకు వస్తాను, కానీ వెనక వరుసలో కూర్చుంటాను. వడ్డన దగ్గర మనుషులు తక్కువైతే మాత్రం పిలవండి.

 సెలవు.